కత్తికన్నా ముందు సూది

మదనపల్లె పేరు చెబితే ఇప్పటివాళ్లకు టమోటా మండీ గుర్తుకొస్తుంది. పాతతరం డాక్టర్లకు మాత్రం ఆరోగ్యవరం గుర్తుకొస్తుంది. 1915లో అక్కడ క్షయ రోగుల కోసం శానటోరియం తెరిచారు. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ దాని తొలి అధికారి. 1948లో మన దేశంలో బీసీజీ టీకా పని తొలుత మొదలైన చోట్లలో మదనపల్లె ఒకటి. దగ్గు తగ్గకపోతే కళ్లె పరీక్ష చేయించాలి, ఊరికే ఊహించి మందులు మింగకూడదు అన్న సంగతి మదనపల్లె చుట్టుపక్కల ఈ పడమటి మండలాల్లో చదువురాని అవ్వలకు కూడా తెలుసు. దగ్గు విషయంలో మనకున్న ఆ తెలివిడి ఒంటి మీద లేచే గడ్డ విషయంలో, పిల్లల మోకాటి వాపు విషయంలో ఇంకా రాలేదు. అది రావాలనే ఈ రోజు మీతో మాట్లాడుతున్నాను. నేను చెప్పబోయే జబ్బు పేరు సార్కోమా.

ఎముకలో, కండలో, కొవ్వులో, నరంలో, రక్తనాళంలో, కీలు చుట్టూ ఉండే పొరల్లో పుట్టే క్యాన్సర్ ఇది. నోటి క్యాన్సర్ గురించి, రొమ్ము క్యాన్సర్ గురించి మీరు ఎక్కడో ఒకచోట వినే ఉంటారు. వాటి మీద గోడరాతలున్నాయి, ఊళ్లలో శిబిరాలు పెడుతుంటారు. సార్కోమా మాట ఎవరూ ఎత్తరు. ఎందుకంటే ఇది అరుదు. పెద్దవాళ్లకొచ్చే క్యాన్సర్లలో 100కి ఒకటి ఉంటుంది, అంతే. పిల్లల దగ్గరికి వచ్చేసరికి ఆ లెక్క మారిపోతుంది. పిల్లలకొచ్చే క్యాన్సర్లలో 100కి పది, పదిహేను దాకా ఈ జాతివే. పైగా ఇది ఒక్క జబ్బు కాదు, ఒకదానికొకటి పోలిక లేని 100కు పైగా జబ్బుల గుంపు. అరుదైనది కాబట్టే ఊళ్లో మందిచ్చే మనిషికి గానీ, చిన్న ఆసుపత్రిలో డాక్టరుకు గానీ వెంటనే తట్టదు. తట్టకపోవడం వల్ల పోయే నెలలే ఇక్కడ ప్రాణం తీస్తున్నాయి.

ముందు పిల్లల సంగతి చెబుతాను. నా మనసంతా అక్కడే ఉంది.

పుంగనూరు పక్కన ఒక పల్లెలో పదమూడేళ్ల పిల్లవాడు ఉన్నాడనుకోండి. బడిలో కబడ్డీ ఆడతాడు. మోకాలికి కాస్త పైన నొప్పి అంటాడు. ఆటలో ఎక్కడో తగిలుంటుందిలే అంటుంది తల్లి. అవ్వ ఆముదం వెచ్చచేసి రుద్దుతుంది. నాలుగు రోజులు తగ్గినట్టే ఉండి మళ్లీ వస్తుంది. ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకెళితే నొప్పి సూది వేసి, మాత్రలిస్తాడు. మాత్ర పనిచేసినంతసేపు బాగుంటుంది. ఈలోగా ఎవరో కట్టు కట్టించమంటారు. ఇంకెవరో దిష్టి తీయించమంటారు. రెండు నెలలు గడుస్తాయి. అప్పటికి మోకాలు పైన వాచి, చర్మం నిగనిగలాడుతూ, ముట్టుకుంటే వేడిగా ఉంటుంది. రాత్రి నొప్పికి పిల్లవాడు నిద్ర లేచి కూర్చుంటాడు. వీళ్లలో ఎవరూ వాడి చెడు కోరలేదు. అందరూ ప్రేమగానే చేశారు. ఎవరూ చేయని పని ఒక్కటే, ఎక్స్‌రే తీయించడం.

ఎముక క్యాన్సర్లలో పిల్లలకు ఎక్కువగా వచ్చేది ఆస్టియో సార్కోమా. పదేళ్లకూ ఇరవై ఏళ్లకూ మధ్య, పిల్లలు ఒక్కసారిగా పొడవు సాగే వయసులో వస్తుంది. ఎముక ఎక్కడ వేగంగా పెరుగుతుందో అక్కడే పుడుతుంది. అందుకే మోకాలి చుట్టూ ఎక్కువ. తొడ ఎముక కింది కొసలో గానీ, కాలి ఎముక పైకొసలో గానీ కనిపిస్తుంది. తర్వాతి చోటు భుజం. రెండోది యూయింగ్ సార్కోమా. 1921లో దీన్ని వివరించిన అమెరికా డాక్టర్ జేమ్స్ యూయింగ్ పేరు దీనికి పెట్టారు. ఇది తొడ ఎముక మధ్యలో, తుంటిలో, పక్కటెముకల్లో కూడా వస్తుంది. జ్వరం తోడవుతుంది, రక్తపరీక్షలో ఈఎస్‌ఆర్ పెరుగుతుంది. అందువల్ల చాలామంది దీన్ని ఎముకకు చీము పట్టిందని పొరబడతారు.

ఎదిగే వయసులో పిల్లలకు కాళ్లు నొప్పులు రావడం మామూలే కదా అని మీరు అడగొచ్చు. నిజమే, వస్తాయి. ఆ నొప్పులు రెండు కాళ్లలోనూ ఉంటాయి. సాయంత్రం వస్తాయి, తెల్లారేసరికి పోతాయి. మర్నాడు పిల్లవాడు మళ్లీ ఎగురుతుంటాడు. వాపు ఉండదు, కుంటడం ఉండదు. నేను భయపడమంటున్న నొప్పి వేరు. అది ఒక్క కాలిలోనే, వేలు పెట్టి చూపించగలిగిన ఒకే చోట ఉంటుంది. వారాలు గడిచినా పోదు. రోజురోజుకూ పెరుగుతుంది. రాత్రిపూట బాధిస్తుంది. అలాంటి నొప్పి మూడు వారాలు దాటితే, దానితో వాపు గానీ కుంటు గానీ ఉంటే, ఎక్స్‌రే తీయించాల్సిందే. మదనపల్లెలో, కుప్పంలో ప్రభుత్వ ఆసుపత్రులున్నాయి. కుప్పంలో పీఈఎస్ వైద్య కళాశాల ఉంది. ఒక్క ఎక్స్‌రేకి మీరు బెంగళూరు పోనక్కర్లేదు. మోకాటి దగ్గర ఎముక అంచు చెదిరినట్టు, లోపల తెల్లమచ్చలు వచ్చినట్టు, పైపొర లేచినట్టు కనిపిస్తే చూసిన డాక్టరుకు అనుమానం వచ్చేస్తుంది. ఎక్స్‌రే బాగానే ఉందన్నా నొప్పి పోకపోతే ఊరుకోకండి. ఎంఆర్‌ఐ అడగండి.

దెబ్బ సంగతి కూడా చెప్పాలి. దెబ్బ తగలడం వల్ల ఈ క్యాన్సర్ రాదు. ఉన్న వాపును దెబ్బ బయటపెడుతుంది, అంతే. కొందరు పిల్లలకు చిన్నపాటి తూలుకే ఎముక విరుగుతుంది. కూర్చున్న చోటి నుంచి లేవబోయి విరిగిందంటే, ఆ ఎముక అంతకుముందే లోపల డొల్ల అయిందని అర్థం. అలాంటప్పుడు కట్టు కట్టి పంపేయడం ప్రమాదం.

పుత్తూరు కట్టు మాట ఎత్తకుండా మన వైపు ఎముకల గురించి మాట్లాడలేం. ఆకు మందు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలతో విరిగిన ఎముకకు కట్టు కట్టే ఆ విద్యకు దక్షిణదేశమంతా పేరుంది. తమిళనాడు నుంచి, కర్ణాటక నుంచి జనం వస్తారు. ఆ విద్య మీద నాకు గౌరవం ఉంది. అందుకే కట్లు కట్టే పెద్దలను, పల్లెల్లో వాళ్ల దారిలోనే కట్లు కట్టే అందరినీ చేతులెత్తి అడుగుతున్నాను. అయ్యా, దెబ్బ గట్టిగా తగలకుండా వచ్చిన వాపుకు కట్టు కట్టకండి. వారాల నుంచి పెరుగుతున్న వాపును రుద్దకండి. ఎక్స్‌రే తెస్తేనే చూస్తామనండి. సార్కోమా ఉన్నచోట గట్టిగా ఒత్తి రుద్దితే కణాలు రక్తంలోకి చేరే ప్రమాదం పెరుగుతుంది. రక్తంలో చేరినవి ముందుగా పోయి కూర్చునేది ఊపిరితిత్తుల్లో. మీ నోటి నుంచి వచ్చిన ఒక్క మాట, ఎక్స్‌రే తీయించుకుని రా నాయనా అన్న మాట, ఒక పిల్లవాడి ప్రాణం నిలబెడుతుంది. మీ మాట వినే ఇళ్లలో డాక్టరు మాట చాలాసార్లు వినరు.

క్షయ దగ్గర కూడా ఇలాంటి చిక్కే ఉంది. ఎముకకు, కీలుకు క్షయ రావడం మన దేశంలో కొత్త కాదు. మోకాలు నెలల తరబడి వాచి ఉంటే క్షయేమో అనుకోవడం తప్పు కాదు. తప్పు ఎక్కడంటే, ముక్క పరీక్ష చేయకుండా క్షయ మందులు మొదలుపెట్టి ఆరు నెలలు ఎదురుచూడడంలో. ఎముకల డాక్టర్లలో ఒక పాత నియమం ఉంది. చీము అనుకున్నదాన్ని క్యాన్సర్ పరీక్షకు కూడా పంపాలి, క్యాన్సర్ అనుకున్నదాన్ని చీము పరీక్షకు కూడా పంపాలి. యూయింగ్ సార్కోమాలో కోసి చూస్తే లోపల మెత్తబడిన కణితి అచ్చం చీము మాదిరే కారుతుంది. దాన్ని తుడిచి పారేస్తే రోగం అక్కడే దాక్కుంటుంది. కాబట్టి చీము తీశామని ఎవరైనా చెబితే, ల్యాబుకు పంపారా సార్ అని అడగండి. అడగడం మీ హక్కు.

ఇక పెద్దవాళ్ల సంగతికి వస్తాను. టమోటా మండీలో క్రేట్లు మోసే మనిషికి భుజం వెనక ఒక గడ్డ లేస్తుంది. బరువు మోసే చోటు కాబట్టి కాయ కాసిందనుకుంటాడు. నీరుగట్టువారిపల్లెలో మగ్గం మీద కూర్చునే ఆయనకు తొడలో గడ్డ. నొప్పి లేదు, ఎర్రబడలేదు. నొప్పి లేదు కాబట్టి పట్టించుకోడు. మెత్తటి భాగాల్లో పుట్టే సార్కోమా మోసం చేసేది ఇక్కడే. చాలాకాలం దానికి నొప్పి ఉండదు. అలాగని ప్రతి గడ్డా క్యాన్సర్ కాదు. ఈ మాట మీరు గట్టిగా గుర్తుపెట్టుకోవాలి, లేకపోతే అనవసరంగా నిద్ర పోగొట్టుకుంటారు. చర్మం కింద మెత్తగా, వేలితో తోస్తే కదిలే కొవ్వు గడ్డలు వందల్లో ఉంటే వాటిలో ఒక్కటి సార్కోమా అవుతుందేమో. మరి ఆ ఒక్కదాన్ని ఎలా పట్టాలి? 5 సెంటీమీటర్లు, అంటే మన మండీలో ఒక మోస్తరు టమోటా అంత దాటిందా? లోతుగా, కండకు అంటుకుని, కదలకుండా ఉందా? పెరుగుతోందా? ఒకసారి తీయించాక మళ్లీ అదే చోట లేచిందా? వీటిలో ఏ ఒక్కటి అవునన్నా దాన్ని అనుమానించాలి. మొదట అల్ట్రాసౌండ్ గానీ ఎంఆర్‌ఐ గానీ తీయించాలి.

ఈ ప్రసంగంలో నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచుకున్న మాట ఇప్పుడు చెబుతాను. పెద్ద గడ్డను, లోతైన గడ్డను, ఏమిటో తెలియకుండా కోయించుకోకండి.

మన వైపు చిన్న పట్నాల్లో ఇది తరచుగా జరిగే పని. కొవ్వు గడ్డే, పది నిమిషాల పని అంటారు. మత్తు సూది వేసి, గడ్డను ఒలిచి తీసి, కుట్లు వేసి సాయంత్రానికి ఇంటికి పంపిస్తారు. తీసిన గడ్డ చెత్తబుట్టలోకి పోతుంది. మూడు నెలలకు అదే చోట మళ్లీ లేస్తుంది, ఈసారి ఇంకా వేగంగా. సార్కోమాకు పైన ఒక పొర ఉన్నట్టు కనిపిస్తుంది, అందుకే సులువుగా ఒలిచి వస్తుంది. కానీ ఆ పొర నిజమైన గోడ కాదు, దాన్ని దాటి కణాలు చుట్టూ కండలోకి పాకి ఉంటాయి. చేలో గరిక పీకినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. పైది చేతికొస్తుంది, వేరు మట్టిలోనే ఉంటుంది. అందుకని సార్కోమాను తీసేటప్పుడు గడ్డను ముట్టుకోకుండా, దాని చుట్టూ మంచి కండ కొంత కలిపి ఒక్క ముక్కగా తీయాలి. మొదటి కోత సరిగా పడితే రోగం అక్కడితో ఆగే అవకాశం ఎక్కువ. తప్పుగా పడితే రెండోసారి ఇంకా వెడల్పుగా కోయాలి, తొడ నుంచి చర్మం తెచ్చి అతికించాలి. ఒక్కోసారి చెయ్యి, కాలు కాపాడే వీలే లేకుండా పోతుంది.

మరి కోయకుండా తెలిసేదెలా? సూదితో. ఎంఆర్‌ఐ తీశాక, కొంచెం లావు సూదితో గడ్డలోంచి సన్నటి ముక్కలు తీసి పరీక్షకు పంపుతారు. జనం దీన్ని ముక్క పరీక్ష అంటారు, డాక్టర్లు బయాప్సీ అంటారు. ఆ సూది ఏ వైపు నుంచి, ఏ దారిలో పోవాలన్నది తర్వాత ఆపరేషన్ చేయబోయే డాక్టరే నిర్ణయించాలి. ఎందుకంటే సూది పోయిన ఆ సన్నటి దారిని కూడా ఆపరేషన్‌లో గడ్డతో పాటే తీసేస్తారు. కోసి ముక్క తీయాల్సి వస్తే కోత చేతికి, కాలికి నిలువుగా ఉండాలి. అడ్డంగా ఉండకూడదు. ఇంత వివరం మీకెందుకు చెబుతున్నానంటే, ముక్క పరీక్ష ఎక్కడ పడితే అక్కడ చేయించుకునే పని కాదని మీకు తెలియాలి.

సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుంది అని ఇళ్లల్లో అంటుంటారు. ఈ భయం వల్ల ముక్క పరీక్ష దగ్గరే చాలామంది వెనక్కి తిరిగిపోతున్నారు. సరైన చోట, సరైన దారిలో తీసిన ముక్క వల్ల రోగికి ముప్పు పెరగదు. ముప్పు పెరిగేది తెలియకుండా కోసినప్పుడు, తెలుసుకోకుండా ఎదురుచూసినప్పుడు. ఈ రెంటి మధ్య తేడా మీ ఇంట్లో పెద్దవాళ్లకు మీరే వివరించండి.

జబ్బు సార్కోమా అని తేలాక ఛాతీకి సీటీ స్కాన్ తీస్తారు. ఊపిరితిత్తుల్లోకి పోయిందో లేదో చూడడానికి. పోయిందని తేలినా అన్నీ అయిపోయినట్టు కాదు. ఊపిరితిత్తుల్లో ఒకటో రెండో చిన్న గడ్డలుంటే వాటిని కూడా ఆపరేషన్‌తో తీసి బాగుచేసిన రోగులున్నారు. చాలా క్యాన్సర్లలో ఆ స్థితిలో ఇంత ఆశ ఉండదు.

ఇక మందుల సంగతి. 1970ల ముందు ఆస్టియో సార్కోమాకు వైద్యం అంటే కాలు తీసేయడమే. కాలు తీసేసినా 100 మంది పిల్లల్లో 80 మందికి పైగా కొద్ది ఏళ్లలోనే చనిపోయేవాళ్లు. కాలు తీసేనాటికే కంటికి కనిపించనంత చిన్న కణాలు ఊపిరితిత్తుల్లో ఉండేవి. ఈ లెక్కను మార్చిన మందుల్లో ఒకటి మన తెలుగువాడి ప్రయోగశాల నుంచి వచ్చింది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లే కంపెనీ ప్రయోగశాలను నడుపుతూ ఫోలిక్ ఆమ్లం మీద పనిచేశారు. ఆ ఆమ్లానికి ఎదురు తిరిగే మందులు కూడా అక్కడే తయారయ్యాయి. వాటిలో ఒకదానితో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్త క్యాన్సర్‌ను మొదటిసారి, కొంతకాలం పాటైనా, లొంగదీసి 1948 జూన్‌లో ఆ సంగతి ప్రకటించారు. ఆ ఆగస్టులోనే సుబ్బారావుగారు కన్నుమూశారు. ఫోలిక్ ఆమ్లానికి ఎదురు తిరిగే ఆ మందుల కుటుంబంలోనిదే మెథోట్రెక్సేట్. కీళ్లవాతానికి వారానికొకసారి మాత్ర వేసుకునేవాళ్లకు ఈ పేరు తెలిసే ఉంటుంది. వాళ్లు మింగేది కొన్ని మిల్లీగ్రాములు. 1970ల తొలినాళ్లలో అదే బోస్టన్‌లో నార్మన్ జాఫే, ఆయన తోటి డాక్టర్లు ఎముక క్యాన్సర్ పిల్లలకు దాన్ని గ్రాముల్లో ఎక్కించారు. అంత మందు ఒంట్లో ఉంటే మనిషి బతకడు. అందుకని కొన్ని గంటల తర్వాత ఫోలిక్ ఆమ్లానికి దగ్గరి చుట్టమైన ల్యూకోవరిన్ ఇచ్చి మంచి కణాలను కాపాడారు. ఆ వైద్యం పొందిన పిల్లల్లో అమెరికా సెనెటర్ ఎడ్వర్డ్ కెనడీ కొడుకు ఒకరు. 1973లో పన్నెండేళ్ల వయసులో ఆయనకు కాలు తీసేశారు. పెద్దయ్యాక ఆయన లాయరై, కనెక్టికట్ రాష్ట్ర సెనెట్‌కు ఎన్నికయ్యారు.

భీమవరం కుర్రవాడి పనికీ మన పల్లెలో పిల్లవాడి మోకాలికీ ఉన్న ఈ సంబంధాన్ని బడుల్లో చెప్పాలని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

మన దేశంలో చాలా ఆసుపత్రుల్లో ఆ పెద్ద మోతాదు మెథోట్రెక్సేట్ ఇవ్వడం కష్టం. రక్తంలో మందు ఎంతుందో గంటల లెక్కన కొలుస్తూ ఉండాలి, ఖర్చు ఎక్కువ. అందుకని ముంబై టాటా మెమోరియల్ డాక్టర్లు డాక్సోరుబిసిన్, సిస్‌ప్లాటిన్, ఐఫాస్ఫమైడ్ అనే మూడు మందులతో ఒక పద్ధతి తయారుచేసి నడుపుతున్నారు. ఏ పద్ధతిలోనైనా వరస ఒక్కటే. ముందు కొన్ని వారాలు కీమో, అంటే ఈ మందులు ఎక్కించడం, తర్వాత ఆపరేషన్, మళ్లీ కీమో. మొత్తం ఆరు నుంచి తొమ్మిది నెలలు పడుతుంది. రోగం పాకకముందే వచ్చి, ఈ వైద్యం పూర్తిగా చేయించుకున్న పిల్లల్లో మంచి ఆసుపత్రుల్లో 100కి 60 నుంచి 70 మంది బతుకుతున్నారు. యూయింగ్ సార్కోమాకు కీమోతో పాటు రేడియేషన్, మనవాళ్లు కరెంటు పెట్టడం అంటారే, అది కూడా బాగా పనిచేస్తుంది. నడివయసులో వచ్చే కాండ్రో సార్కోమాకు కీమో గానీ కరెంటు గానీ పెద్దగా పనిచేయవు. దానికి మంచి ఆపరేషనే మందు.

కాలు తీసేస్తారేమో అన్న భయం అందరికీ ఉంటుంది. ఆ భయంతోనే ఆసుపత్రి నుంచి చెప్పకుండా వెళ్లిపోయి, నాటుమందు దగ్గర చేరినవాళ్లున్నారు. ఇప్పుడు ఎక్కువమందికి కాలు తీయరు. క్యాన్సర్ ఉన్న ఎముక ముక్కను మాత్రం తీసి, దాని స్థానంలో లోహంతో చేసిన ఎముకను, కీలును అమరుస్తారు. విదేశీ సరుకు ఖరీదుకు మన రోగులు తట్టుకోలేరని, రోగి కొలతలకు తగ్గట్టు ఇక్కడే తయారయ్యే లోహపు ఎముకలను 1980ల నుంచి వాడుకలోకి తెచ్చినవాళ్లలో చెన్నై డాక్టర్ మయిల్ వాహనన్ నటరాజన్ ముఖ్యులు. ఆయన పద్మశ్రీ అందుకున్నారు. కాలు కాపాడినా, తీసేసినా, గడ్డ పూర్తిగా పోయిందంటే బతికే అవకాశం ఒకేలా ఉంటుంది. అయితే రక్తనాళాలు, నరాలు గడ్డలో చిక్కుకుపోతే, గడ్డ చర్మం పగిలి బయటికి వస్తే, కాలు తీయక తప్పని రోజులుంటాయి. అప్పుడు డాక్టరు తీసేద్దామంటే ఒప్పుకోండి. తిరుపతిలో దేవస్థానం వారి బర్డ్ ఆసుపత్రిలో కృత్రిమ కాళ్లు అమరుస్తారు. ప్రాణం ఉంటే నడక మళ్లీ నేర్చుకోవచ్చు.

ఎక్కడికి పోవాలి? తిరుపతిలో టాటా ట్రస్టుల శ్రీ వెంకటేశ్వర క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, 2022 మేలో తెరిచారు. స్విమ్స్ ఆసుపత్రి కూడా ఉంది. కుప్పం వాళ్లకు మూడు రాష్ట్రాల సరిహద్దు కాబట్టి దారులు ఎక్కువ. రైలెక్కితే ఒకవైపు బెంగళూరు, అక్కడ 1973 నుంచి నడుస్తున్న కిద్వాయ్ క్యాన్సర్ ఆసుపత్రి. రెండోవైపు కాట్పాడిలో దిగితే వెల్లూరు సీఎంసీ. ఇంకా ముందుకు పోతే చెన్నైలో అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్, ముత్తులక్ష్మీ రెడ్డి గారి పట్టుదలతో 1954లో మొదలైంది. ఎక్కడికి వెళ్లినా ఒక్క ప్రశ్న అడగండి. ఇక్కడ ఎముకల సర్జన్, కీమో డాక్టర్, రేడియేషన్ డాక్టర్, ముక్క పరీక్ష డాక్టర్ కలిసి కూర్చుని నిర్ణయిస్తారా? అవునంటే అక్కడ చేరండి. సార్కోమా ఒక్క డాక్టరు చేతి మీద నయమయ్యే జబ్బు కాదు.

ఖర్చు మాట. 2007లో ఆరోగ్యశ్రీ పేరుతో మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకంలో క్యాన్సర్ ఆపరేషన్, కీమో, రేడియేషన్ ఉన్నాయి. ఆసుపత్రిలో ఆ పథకం పని చూసే ఆరోగ్యమిత్ర దగ్గరికి ముందుగా వెళ్లండి. పొరుగు రాష్ట్రంలో చేరేటట్టయితే మన కార్డు అక్కడ చెల్లుతుందో లేదో చేరకముందే అడగండి, చేరాక అడగడం కాదు. రైలు సంగతి చాలామందికి తెలియదు. క్యాన్సర్ రోగి వైద్యానికి వెళ్లి వచ్చేటప్పుడు స్లీపర్‌లో, త్రీటైర్ ఏసీలో టికెట్ పూర్తిగా ఉచితం. తోడు వెళ్లే ఒకరికి 75 శాతం తగ్గింపు. ఆసుపత్రి డాక్టరు సంతకం, ముద్ర ఉన్న ఫారం టికెట్ కౌంటరులో ఇవ్వాలి. మదనపల్లె వాళ్లకు స్టేషను ఊళ్లో లేదు, సీటీఎం అనే ఊరి దగ్గర మదనపల్లె రోడ్డు పేరుతో ఉంది. పుంగనూరుకు రైలే లేదు. అయినా నెలల తరబడి తిరగాల్సిన వైద్యం కాబట్టి, ఆ రాయితీ లెక్కలోకి తీసుకోదగినదే.

కీమో నడుస్తున్న ఇళ్లకు ఒక జాగ్రత్త చెబుతాను. మందు ఎక్కించిన వారం పది రోజులకు తెల్లరక్తకణాలు బాగా తగ్గిపోతాయి. అప్పుడు జ్వరం 100.4 డిగ్రీలు దాటిందంటే, మాత్ర వేసి తెల్లారేదాకా చూద్దామనుకోకండి. ఆ రాత్రే దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్లి, కీమో తీసుకుంటున్నాడని మొదటి మాటగా చెప్పండి. ఇంట్లో ఒక థర్మామీటర్ కొనిపెట్టుకోండి. క్యాన్సర్ నుంచి గట్టెక్కుతున్న పిల్లలు ఇలాంటి జ్వరాల్లో పోవడం చూస్తే గుండె తరుక్కుపోతుంది.

జుట్టు రాలిపోతే మళ్లీ వస్తుంది. ఇది అంటువ్యాధి కాదు, పక్కన కూర్చుంటే, ఒకే కంచంలో తింటే రాదు. చాలామందిలో వంశంలో నుంచి వచ్చేది కూడా కాదు. ఎవరో చేసిన పాపానికి వచ్చింది అసలే కాదు. కొద్దిమందికి మాత్రం పుట్టుకతో వచ్చిన జన్యులోపం వల్ల, లేదా ఎన్నో ఏళ్ల కిందట వేరే జబ్బుకు పెట్టిన రేడియేషన్ వల్ల వస్తుంది. మిగతావాళ్లకు కారణం ఏదీ దొరకదు. ఆ తల్లిని మీరేం తినిపించారని అడగకండి.

వైద్యం అయిపోయాక కూడా మొదటి రెండు మూడేళ్లు మూడు నెలలకొకసారి ఛాతీ పరీక్ష చేయించుకోవాలి. తర్వాత ఎడం పెంచుతారు.

చివరిగా ఒక మాట, వైద్యం సగంలో మానేసిన ఇళ్ల కోసం. డబ్బు అయిపోయిందనో, పంట కోతకొచ్చిందనో, వాపు తగ్గింది కదా అనో, కాలు తీస్తారన్న భయంతోనో కీమో మధ్యలో ఆపేసిన కుటుంబాలు మన మండలాల్లో ఉన్నాయి. రెండు సార్లు మందు ఎక్కించగానే వాపు తగ్గడం, నొప్పి పోవడం మామూలే. జబ్బు పోయిందని దానర్థం కాదు. మీ ఇంట్లో అలాంటి పిల్లవాడుంటే, మీ వీధిలో ఉంటే, పాత కాగితాలు, స్కాన్లు, ముక్క పరీక్ష రిపోర్టు అన్నీ ఒక సంచిలో పెట్టుకుని మొదట చూపించిన ఆసుపత్రికే మళ్లీ వెళ్లండి. తిడతారేమో అని మొహమాటపడకండి. ఎన్ని వారాలు పోయాయన్నది కాదు, ఈ వారం పోనివ్వకండి.